నిమ్మకాయలు తొక్కిన డకోటా

మా వీధి గదిలో మనుషులు కూర్చోడానికి చోటు లేదు. విమానాలున్నాయి. నిజం విమానాలు కావు, మా ఆయన రఘురామ్ బెండులా తేలికైన బాల్సా చెక్కతోనూ పల్చటి ప్లైవుడ్డుతోనూ చేసిన నమూనాలు. అలాగని బొమ్మలూ కావు. వాటికి మోటార్లుంటాయి, రిమోటు పట్టుకుంటే ఎగురుతాయి. సోఫా ఉండాల్సిన చోట పెద్ద బల్ల, బల్ల కింద చెక్కపొట్టు, పొట్టు కింద నేల ఉందని నమ్మకం. తాడేపల్లిగూడెంలో ఎవరింటికి చుట్టాలొచ్చినా ముందు గదిలో కూర్చుంటారు. మా ఇంటికొచ్చినవాళ్ళు తిన్నగా వంటింట్లోకొచ్చి కూర్చుంటారు. అలవాటు పడిపోయారు.

ఆయన చేసేవన్నీ రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా సైన్యం విమానాలు. పోనీ ఆ యుద్ధంలో పేరు తెచ్చుకున్నవి చేస్తారా అంటే అదీ లేదు. ప్రయోగానికని ఒకటో రెండో తయారుచేసి, కుదరక పక్కన పెట్టేసినవే ఈయనకి ముద్దు. అలాంటివాటి పేరుకి ముందు అమెరికా వాళ్ళు ఎక్స్ అనే అక్షరం తగిలించేవారట. మా గదిలో దాదాపు అన్నీ ఎక్సులే. తోక ముందుకొచ్చి రెక్కలు వెనక్కెళ్ళినది ఒకటి. ఒళ్ళేదో రెక్కేదో తెలియకుండా గుండ్రంగా పళ్ళెంలా ఉన్నది ఇంకొకటి. దాన్ని నేను దిబ్బరొట్టె అంటాను.

"కుదిరినవి అందరూ చేస్తారు ప్రియా. ఇవి ఎందుకు కుదరలేదో చేసి చూస్తేగానీ తెలీదు" అంటారు.

చేసి చూస్తారు. కుదరవు. ఆ విషయంలో మా ఆయన అమెరికా వాళ్ళకి ఏమాత్రం తీసిపోరు. ఊరి బయట యుద్ధకాలంలో వేసిన పాత రన్‌వే ఉంది. ఆదివారం పొద్దున్నే అక్కడికెళ్ళి ఎగరేస్తారు. వాకింగుకొచ్చినవాళ్ళు ఆగి చూస్తారు, స్కూటర్ నేర్చుకునే ఆడపిల్లలు తప్పుకుంటారు, గేదెలు మాత్రం తప్పుకోవు. పదింటికల్లా అట్టపెట్టెలో ముక్కలు వేసుకుని ఇంటికొస్తారు. కరెంటాఫీసులో అంత నెమ్మదస్తుడు లేడని పేరున్న మనిషి, ఆ పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడితే నాకు నవ్వూ వచ్చేది, ఒళ్ళూ మండేది.

ఒళ్ళు మండడానికి కారణం ఉంది. నాకు మగ్గం వర్కు వచ్చు. జాకెట్ల మీద జరీ, పూసలు, కుందన్లు కుట్టే పని. మా పక్క వీధిలో సమ్రీన్ అని ఒకమ్మాయి ఉంది, నాకంటే బాగా కుడుతుంది. ఇద్దరం కలిసి క్లాసు పెట్టాలని ఆరేళ్ళుగా అనుకుంటున్నాం. గుడ్డ బిగించే మగ్గం మంచమంత పొడుగుంటుంది. దానికి వెలుతురొచ్చే గది కావాలి, వచ్చేపోయే ఆడవాళ్ళకి వీధి గుమ్మం కావాలి. మా ఇంట్లో ఆ రెండూ ఉన్న గది ఒక్కటే. నా మగ్గం పడగ్గదిలో తలుపు వెనక నిలబెట్టి ఉండేది. తలుపు సగమే తెరుచుకునేది. ఆ సగం తలుపులోంచి దూరినప్పుడల్లా దిబ్బరొట్టెని తలుచుకుని పళ్ళు కొరికేదాన్ని.

అలాంటి రోజుల్లోనే డకోటా తయారైంది.

డకోటా అంటే యుద్ధంలో సిపాయిల్నీ సామాన్లనీ మోసిన రెండింజన్ల విమానం. అది బాగా కుదిరిన విమానమే. కుదిరినదాన్ని ఈయన ఎందుకు ముట్టుకున్నారా అని చూస్తే, దాని అడుగున పడవల్లాంటివి రెండు వేలాడుతున్నాయి. ఫ్లోట్లట. నీళ్ళ మీద కూడా దిగాలని అమెరికా వాళ్ళు అలా చేసి చూశారట. మళ్ళీ ఆ పడవలకి చక్రాలు, ఒక్కోదానికి రెండేసి. నేల మీద దిగాలంటే చక్రాలు కిందికి దించాలి, నీళ్ళ మీద దిగాలంటే లోపలికి ముడవాలి. ఇంత హంగామా చేసి చివరికి ఆ పద్ధతి పెద్దగా వాడలేదు. వాడి ఉంటే మా ఇంట్లోకొచ్చేదే కాదు.

ఆ సాయంత్రం ఆయన దాని చక్రాలు పైకీ కిందికీ ఆడిస్తుంటే గుమ్మంలో నిలబడి చెప్పాను. "ఏవండీ, ఒక మాట. ఇది నీళ్ళ మీద దిగి, ముక్కలవకుండా ఇంటికొస్తే ఈ గది మీది. జన్మలో అడగను. అలా జరక్కపోతే గది నాది. ఇవన్నీ అటకెక్కాలి."

ఆయన రిమోటు కింద పెట్టి నా వైపు తిరిగారు. "సరే" అన్నారు. ఆయన సరే అన్నారంటే అన్నట్టే. మా పెళ్ళయిన దగ్గర్నించి నేను వంక పెట్టలేకపోయిన గుణం అదొక్కటే. గెలిచేశాననుకుని ఆ రాత్రే సమ్రీన్‌కి ఫోన్ చేసి చెప్పేశాను కూడా.

నీళ్ళు కావాలి కదా. ముదినేపల్లిలో నాతో చదువుకున్న పుష్పలతకి కలిదిండి దగ్గర చేపల చెరువులున్నాయి. అడిగితే, "తీసుకురా, మా గట్టు మీద గ్రావెల్ రోడ్డు తిన్నగా ఉంటుంది, పైకి లేవడానికి బాగుంటుంది. పక్షులు చేపల్ని ఎత్తుకుపోకుండా కట్టిన దారాలు ఒక చెరువు మీద తీయించేస్తాను" అంది. విమానం దారాల్లో చిక్కుకుపోతుందేమోనని దానికే తట్టింది. నాకు తట్టలేదు. తట్టినా చెప్పేదాన్ని కాదేమో.

ఆదివారం పొద్దున్నే పాత మారుతీ వ్యానులో రెక్కలు విడదీసిన డకోటాని పడుకోబెట్టుకుని బయల్దేరాం. దారిలో ఏలూరులో మా బావగారిని ఎక్కించుకున్నాం. బావగారంటే ఆయన అన్నయ్య హనుమంతరావుగారు. గుడిలో అర్చకత్వం చేస్తారు. వాహన పూజలకి ఏలూరు మొత్తం మీద ఆయనకి మంచి పేరు. లారీ, ట్రాక్టరు, జేసీబీ, చివరికి చేపల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరేటరైనా సరే, ఆయన చేత్తో బొట్టు పెట్టించుకున్నాకే కదుల్తాయి. తమ్ముడు నీళ్ళ విమానం చేశాడని తెలిసి తనే ఫోన్ చేసి వస్తానన్నారు. వాళ్ళ నాన్నగారు పోయాక తమ్ముణ్ణి చదివించింది ఆయనే. ఆయన వస్తానంటే మా ఆయన వద్దనరు.

"ఎగిరే వాహనానికి ఇంతవరకూ చెయ్యలేదమ్మా" అన్నారు బావగారు, వ్యానులో పూజ సంచీ ఒళ్ళో పెట్టుకుని. ఆయన మొహంలో ఎంత సంబరమో. కొల్లేరు దారంతా అటూ ఇటూ నీళ్ళ మీద కొంగల్ని చూపిస్తూ వాటి పేర్లు అడుగుతూనే ఉన్నారు.

చెరువు గట్టు మీదికి వెళ్ళేసరికి పుష్పలతా, చెరువు మీద పనిచేసేవాళ్ళూ సిద్ధంగా ఉన్నారు. "మందు కొట్టే డ్రోనాండి?" అని ఒకాయన అడిగితే మా ఆయన ఓపిగ్గా డకోటా సంగతంతా మొదట్నించీ చెప్పారు. అంతా విని అడిగినాయన, "అయితే మందు కొట్టదన్నమాట" అన్నాడు.

పూజ మొదలైంది. ముక్కుకి పసుపు, కుంకుమ బొట్టు, పువ్వు. హారతిచ్చి కొబ్బరికాయ కొట్టారు. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత బావగారు సంచీలోంచి నాలుగు చక్రాలకీ నాలుగు నిమ్మకాయలు తీసి కింద పెట్టారు.

కొత్త లారీ అయితే డ్రైవరు గేరు వేసి ముందుకు పోనిస్తాడు, కాయలు పటుక్కున చితుకుతాయి. డకోటా చక్రం అప్పడాల పిండి ఉండంత ఉంది. కాయ ఎక్కలేక ముక్కు పైకెత్తి అక్కడే ఆగిపోయింది. రెండోసారి పోనిచ్చినా అంతే.

"పోనీలే అన్నయ్యా, చక్రాల కింద పెట్టావుగా, చాలు" అన్నారు మా ఆయన మెల్లగా.

"చాలదురా రఘూ. తొక్కకుండా ఏ వాహనమూ బయల్దేరకూడదు."

బావగారు చాకు తీసి కాయల్ని రెండేసి చెక్కలుగా కోసి, కుంకుమ అద్ది మళ్ళీ చక్రాల కింద పెట్టారు. ఒక రెక్క తను పట్టుకుని, రెండో రెక్క తమ్ముణ్ణి పట్టుకోమన్నారు. ఇద్దరూ కలిసి విమానాన్ని గట్టిగా కిందికి నొక్కారు. రసం చిమ్మి ఫ్లోట్ల మీద పడింది. అత్తారింట్లో ఉప్పెక్కువైన కూర తింటున్న కొత్తల్లుడిలా ఉంది మా ఆయన మొహం. జేబు రుమాలు తీసి నాలుగు చక్రాలూ తుడిచి, లేచి నిలబడి రిమోటు పట్టుకున్నారు.

నేను పక్కనే నిలబడ్డాను. ఉన్నమాట చెప్తాను, అది ఎగరకూడదనే కోరుకున్నాను. పాపం ముక్కలైపోనక్కర్లేదు, గట్టు మీద కాస్త దూరం పరిగెత్తి ఆగిపోతే చాలు. గదిలో ఏ గోడవైపు ఏ మగ్గం వెయ్యాలో కూడా అనుకుని వచ్చాను.

డకోటా పరిగెత్తింది. దుమ్ము రేపుకుంటూ గట్టు పొడవునా వెళ్ళి, చివర్లో ఇంక అయిపోయిందనుకునేసరికి నేలని వదిలేసింది. చెరువు మీదుగా లేచి, ఎండలో ఒక రెక్క వాల్చి, మా వైపు తిరిగింది. చెరువు మీది నీటికాకులన్నీ ఒక్కసారి లేచిపోయాయి. పనివాళ్ళు చప్పట్లు కొట్టారు. ఇన్నేళ్ళలో ఆయన విమానం అంత చక్కగా ఎగరడం నేను చూడలేదు. మా ఆయన నవ్వుతున్నారు. నోరు తెరుచుకుని, చిన్నపిల్లాడిలా. ఆ నవ్వు చూసి నేను గది సంగతి మర్చిపోయాను. నిజంగానే మర్చిపోయాను.

"ఇప్పుడు చక్రాలు ముడుస్తాను. ఒక చుట్టు తిప్పి నీళ్ళ మీద దించడమే" అన్నారు.

మీట నొక్కారు. మూడు చక్రాలు లోపలికెళ్ళాయి. కుడి ఫ్లోటు ముందు చక్రం సగం దాకా వెళ్ళి ఆగిపోయింది. మళ్ళీ నొక్కారు. కిందికి రాదు, పైకి పోదు. విరిగిన కాలులా వేలాడుతోంది.

"ఏమైందండీ?"

"ఇరుక్కుంది." ఆయన మీట వదిలేశారు. "నీళ్ళ మీద దిగితే ఆ చక్రం నీటికి తగులుకుని బోల్తా కొడుతుంది. మోటార్లతో సహా మునిగిపోతుంది."

"అయితే గట్టు మీదే దించెయ్యండి."

"సగం చక్రంతో గట్టు మీదా అంతే. పల్టీ కొడుతుంది. ఇక్కడ మనుషులున్నారు కూడాను." రిమోటు మీద టైము చూసుకున్నారు. "బ్యాటరీ ఇంకో రెండు మూడు నిమిషాలు."

ఆయన తల ఎత్తి దాన్నే చూస్తున్నారు. అది చుట్టూ తిరుగుతూనే ఉంది, దాని సంగతి దానికి తెలియనట్టు. ఆ ముక్కల పెట్టెతో ఈ మనిషి గుమ్మంలోకి రాకూడదు, ఇవాళ కాదు. నాకు అంతే అనిపించింది. అటూ ఇటూ చూశాను. గట్టుకి ఆ పక్కన మురుగు కాలవుంది. కాలవ నిండా గుర్రపుడెక్క. నీటి చుక్క కనపడకుండా ఒత్తుగా అల్లుకుపోయి, ఊదారంగు పువ్వులు పూసి ఉంది. దాని మీద తెల్లకొంగలు నడుస్తున్నాయి. మా ముదినేపల్లిలో చిన్నప్పుడు బడికెళ్తూ పుస్తకాల సంచీలు దాని మీదికి విసిరేవాళ్ళం, మునుగుతాయా లేదా అని పందెం. మునిగేవి కావు. కర్రతో లాక్కునేవాళ్ళం.

"ఏవండీ, గుర్రపుడెక్క మీద దించండి."

ఆయనకి అర్థం కాలేదు. చెయ్యి పట్టుకుని కాలవ చూపించాను. "పరుపులా ఉంటుంది. చక్రం తగిలినా జారుతుందిగానీ తిరగబడదు. మునగదు, నా మాట వినండి."

ఆయన నా వంక ఒక్క క్షణం చూశారు. విమానాల విషయంలో నేను ఆయనకి సలహా చెప్పడం అదే మొదలు. డకోటాని దూరంగా తీసుకెళ్ళి, తిప్పి, కాలవకి తిన్నగా పెట్టి, కొంచెం కొంచెంగా కిందికి దించారు. కొంగలు లేచాయి. మోటార్లు ఆపేశారు. చప్పుడాగిపోయాక అది నెమ్మదిగా వచ్చి ఆకుల మీద పొట్ట ఆనించి, పువ్వుల్ని తొక్కుకుంటూ జారి, ఒక పక్కకి కాస్త ఒరిగి ఆగింది. మునగలేదు.

నేను ఏడ్చాను. ఎందుకని అడిగితే చెప్పలేను. పుష్పలత నా భుజం మీద చెయ్యి వేసి, "గెలిచావే" అంది. గది పందెం సంగతి దానికి చెప్పలేదు. ఏం గెలిచాననుకుందో ఏమో.

పనివాళ్ళు గెడ వేసుకుంటూ రేకు పడవలో వెళ్ళి డకోటాని తెచ్చారు. ఒక ప్రొపెల్లరు విరిగింది, రెక్కకి అంటించిన కాయితం కాస్త చిరిగింది, అంతే. మా ఆయన దాన్ని బోర్లా పెట్టి ఇరుక్కున్న చక్రం చూశారు. నేను పక్కనే వంగి చూశాను. చక్రం ముడుచుకునే సందులో నిమ్మతొక్క ముక్క, దాని పక్కన ఒక గింజ. ఆయన గోటితో రెండూ తీసి, అన్నయ్య వైపు ఒకసారి చూసి, చొక్కా జేబులో వేసుకున్నారు.

"ఏమైందిరా చక్రానికి?" అన్నారు బావగారు వచ్చి.

"గాలి వాటం మారింది అన్నయ్యా. చక్రం మీద ఒత్తిడి పడింది."

"అదీ సంగతి." బావగారు విమానానికి దణ్ణం పెట్టుకున్నారు. "నిమ్మకాయలు తొక్కించబట్టి ఈపాటితో పోయింది."

మా ఆయన తలూపారు. నేను మొహం పక్కకి తిప్పుకుని పమిట నోటికి అడ్డం పెట్టుకున్నాను.

పుష్పలత ఇంట్లో చేపల పులుసు వాసన గుమ్మం దాకా వస్తున్నా, బావగారున్నారని మాకు పప్పూ, వంకాయా విడిగా చేయించింది. తిని, ఏలూరులో బావగారిని దింపి, హైవే ఎక్కాం. దెందులూరు దాటాక గది గుర్తొచ్చింది. ఆరేళ్ళుగా కావాలనుకున్న గది. నీళ్ళ మీద దిగలేదు కాబట్టి పందెం నాదే. ముక్కలవకుండా ఇంటికొస్తోంది కాబట్టి ఆయనదీ కొంతుంది. అటూ ఇటూ ఎంత తూచి చూసినా నాకు సంతోషంగానే ఉంది. ఎవరు గెలిచారో తేల్చబుద్ధి కాలేదు.

ఆయనకి అలాంటి గొడవేం లేదు. ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కుని, స్టూలు తెచ్చి అటక ఖాళీ చెయ్యడం మొదలుపెట్టారు.

"ఇప్పుడెందుకండీ?"

"నీళ్ళ మీద దిగలేదు కదా. గది నీది."

"ముక్కలవలేదుగా."

"రెండూ జరగాలనుకున్నాం. ఒకటే జరిగింది." కోపం లేదు, నిష్టూరం లేదు. వీధి గదిలోకెళ్ళి పెద్ద బాంబరుని ఒక రెక్క చివర పట్టుకుని ఎత్తబోయారు.

"ఆ ఎక్స్‌బి-38ని అలా ఎత్తకండి" అన్నాను గుమ్మంలోంచి. "దానికి ఆలిసన్ కంపెనీ ఇంజన్లు పెట్టారు కదా, ముందు బరువు. రెక్క మొదట్లో విరుగుతుంది."

ఆయన చేతులు ఆగిపోయాయి. మెల్లగా దాన్ని బల్ల మీద పెట్టేశారు. "దీని పేరు నీకెలా తెలుసు?"

"మీరే చెప్పారు."

"దీనికి ఏమైందో తెలుసా?"

"తొమ్మిదోసారి ఎగిరినప్పుడు ఇంజన్ అంటుకుంది. చేసింది ఒక్కటే, దాంతో ఆపేశారు."

ఆయన పక్కనున్నది చూపించారు. "ఇది?"

"ఎక్స్‌పి-55. అసెండర్ అంటారు. ప్రొపెల్లరు వెనక ఉంటుంది. పైలట్ దూకాల్సొస్తే ముందు దాన్ని ఊడగొట్టుకోవాలి, లేకపోతే ఆయన్నే కోసేస్తుంది."

"మరి ఆ గుండ్రటిది?"

"దిబ్బరొట్టె."

"అసలు పేరు."

"వి-173. మీరు దాన్ని చేస్తున్నప్పుడు నాకు వైరల్ ఫీవరు. మూడు రోజులు మంచం పక్కన కూర్చుని అదే కథ చెప్పారు. ఎలా మర్చిపోతాను?"

ఆయన పొట్టు మీదే కింద కూలబడ్డారు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు.

"ఇన్నేళ్ళూ గోడకి చెప్పుకుంటున్నాననుకున్నాను ప్రియా" అన్నారు.

"గోడ ఊఁ కొడుతుందా అండీ?"

నేనూ వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను. చీరంతా పొట్టు అంటుకుంది. ఆయన మీద నాకు అంత ప్రేమ ఉందని నాకు తెలుసుగానీ, ఆయనకి తెలియదని మాత్రం ఆ రోజే తెలిసింది. తెలియనివ్వని తప్పు నాదే అనుకోండి, విమానాలకి అంటగట్టడం ఎందుకు.

"గది నీకిచ్చేస్తే నీకివన్నీ ఎక్కడ చెప్పాలి?" అన్నారు చివరికి.

"మగ్గం దగ్గర చెప్పండి. చేతులు ఖాళీ ఉండవుగానీ చెవులు ఖాళీయే. సమ్రీన్ కూడా వింటుంది పాపం."

ఆయన నవ్వి లేచారు. పడగ్గదిలోకెళ్ళి, తలుపు వెనక నిలబెట్టిన మగ్గాన్ని ఒక చివర ఎత్తి పట్టుకుని, రెండో చివర పట్టమని నన్ను పిలిచారు.